చూచితిమి గాని కనిపెట్టలేదు

ధ్యానభాగములు: లూకా 17:11-21, లేవీయకాండము 13:1-6



మా సంఘములోని ఒక కుటుంబపు చిన్నది హైదరాబాదు పాతనగరములో తన మేనమామ యింట నుండి డిగ్రీ చదువుచున్నది. గడచిన వర్షాకాలములో సంఘపు పనిమీద ఆ పట్టణమునకు పోయినప్పుడు, ఆ బిడ్డను చూచి ప్రార్థన చేసి రావలెనని మేము హుస్సేనీ ఆలం పేటకు వెళ్లితిమి. 1591లో కట్టిన చార్మినారు దాటి, గాజుల దుకాణములున్న లాడ్ బజారు గుండా పడమరగా నడచి, 1892లో మహబూబ్ చౌక్‌లో కట్టిన గడియార స్తంభమును దాటిపోయిన యెడల ఆ పేట వచ్చును. ఆమె మేనమామ గాజుల దుకాణములో పనిచేయును. ఇరుకు సందులో ఒక పాత యింటి మేడమీది గది వారి కాపురము.

ఆ పేటకు ఆ పేరెట్లు వచ్చెనో చెప్పెదము. ఆలము అనగా పతాకము, ధ్వజము. మన పల్లెలలో పీర్ల పండుగనాడు ఎత్తుకొని వచ్చు పీర్లను మీరెరుగుదురు, అవియే ఆలములు. ఇమాము హుస్సేను జ్ఞాపకార్థమైన ఆలమును బట్టి ఆ పేటకు హుస్సేనీ ఆలం అని పేరు కలిగినది. ధ్వజమును ఎత్తుట ఎందుకు? దూరమున నున్నవాడును చూడవలెనని, గుంపులోనున్న పొట్టివాడును చూడవలెనని. అందరి కంట పడుటకే ఎత్తబడిన దాని పేరు పెట్టుకొనిన పేటలో, ఎవరి కంటను పడని ఒక సంగతిని గూర్చి ప్రభువు మాకు బుద్ధి చెప్పెను. ఆ సంగతియే మీకు వ్రాయుచున్నాము.

మేము పోవునప్పటికి ఆ బిడ్డ యెదుట ఒక వ్రాతపుస్తకము తెరచియుండెను. మరునాడు ఇంగ్లీషు పరీక్ష. పుటకు ఎడమ ప్రక్కన ఎనిమిది మాటలు వరుసగా వ్రాసికొనెను: విజిబుల్, ఆబ్వియస్, కాన్‌స్పిక్యువస్, నోటీసబుల్, పర్సెప్టిబుల్, సటిల్, ఇంపర్సెప్టిబుల్, అన్‌నోటీస్డ్.

"అయ్యగారూ, ఇవన్నీ కనబడేది, కనబడనిది అనే గదా? ఆ రెండు మాటలకు ఇన్ని మాటలెందుకు?" అని అడిగెను.

మాకు తెలిసినంత చెప్పితిమి. ప్రతి మాటకు ఎదురుగా ఒక్కొక్క వాక్యము కల్పించి వ్రాయవలెనట. ఆమె వ్రాసిన వాటిని ఒక్కొక్కటిగా చదివి వినిపించెను. మేడమీదనుండి చార్మినారు విజిబుల్. ఊరేగింపులో ఆలము కాన్‌స్పిక్యువస్. గడియారములో గంటల ముల్లు నడక ఇంపర్సెప్టిబుల్. ఇట్లు చదువుచు చివరి మాట దగ్గర ఆగిపోయి, పుస్తకమును మా చేతికిచ్చెను. అక్కడ ఆమె వ్రాసినది ఇది: మా అమ్మ చేతిమీది మచ్చ ఒక సంవత్సరము అన్‌నోటీస్డ్‌గా ఉండెను.

ఆ వాక్యములో నింద ఏమియు లేదు. పరీక్షకు చదువుకొనువారు వ్రాయు వాక్యమువలెనే అదియు ఉండెను. అయినను దానిని చదివిన తరువాత మేము ఆ బిడ్డ ముఖము చూడలేకపోతిమి. ఏలయనగా ఆ చేతిని ఆ సంవత్సరమంతయు చూచినవారము మేమే. ప్రతి నెల మొదటి ఆదివారమున ప్రభువు బల్లయొద్ద ఆమె చేయి చాచగా, రొట్టెముక్కను ఆ చేతిలో ఉంచినది మేమే. ముంజేతిమీద చర్మము రంగు తగ్గి ఒక మచ్చ యుండెను. ఒక నెల వ్రేళ్లమీద కాలిన బొబ్బలుండెను. మరియొక నెల అవి పుండ్లయి యుండెను. పొయ్యి దగ్గర కాలినది కాబోలు అని తలంచి, ప్రక్కనున్న వారి యొద్దకు జరిగితిమి. పన్నెండు మారులు చూచితిమి. ఒక్కమారైనను, అమ్మా, ఇది ఏమి, నొప్పిగా లేదా అని అడుగలేదు.

తుదకు ఇల్లిల్లు తిరుగుచు వచ్చిన ఆశా కార్యకర్త ఆమెను కన్నులు మూసికొమ్మని చెప్పి, ఆ మచ్చమీద కలము మొనతో తాకెను. ఎక్కడ తాకినదియు ఆ తల్లి చెప్పలేకపోయెను. అది కుష్ఠువ్యాధి. సర్కారు దవాఖానలో ఉచితముగా మందులిచ్చిరి. పన్నెండు నెలలు క్రమముగా మ్రింగి ఆమె వ్యాధినుండి విడుదల పొందెను, దేవునికి స్తోత్రము. అయితే చిటికెనవ్రేలును ఉంగరపు వ్రేలును వంగిపోయినవి. అవి తిరిగి చక్కబడలేదు. నరము బలహీనపడిన ఆరు నెలలలోగా వచ్చియుండిన యెడల మందుతో ఆ వ్రేళ్లను నిలుపుకొనుటకు చాల వరకు వీలుండెడిదని డాక్టరు చెప్పెను.

ఆ తల్లియు ఆ బిడ్డయు ఒప్పుకొనినందుననే, పేరులు చెప్పక, ఇది వ్రాయుచున్నాము. ఇంగ్లీషు మాటలకు అర్థము చెప్పబోయిన మేము, మా కన్నులను గూర్చి నేర్చుకొని వచ్చితిమి. మీరును మాతోకూడ నేర్చుకొనవలెనని మూడు సంగతులు మీ యెదుట ఉంచుచున్నాము.

మొదటిది: ఎదుటనున్నను గమనింపబడనిది

ఆ బిడ్డ వ్రాసికొనిన మాటలలో ఆబ్వియస్ అనునది యొకటి. స్పష్టముగా తెలియునది అని దాని భావము. అది లాటిను భాషనుండి వచ్చినది. దాని మూలార్థము దారిలో ఎదురుపడునది అని. వెదకనక్కరలేదు, నడుచుచుండగా దానంతట అదే కాలికి అడ్డము వచ్చును.

యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు త్రోవలో పడియున్న మనుష్యుని జ్ఞాపకము చేసికొనుడి (లూకా 10:30-35). అతడు దారిలోనే యుండెను. యాజకుడు అతనిని చూడలేదని ప్రభువు చెప్పలేదు. చూచెననియు, చూచి ప్రక్కగా పోయెననియు చెప్పెను. లేవీయుడును అట్లే చేసెను. ధనవంతుని వాకిట లాజరు పడియుండెను (లూకా 16:20). ఇల్లు వెడలునప్పుడును ఇల్లు చేరునప్పుడును ఆ ధనవంతుడు అతనిని దాటక పోవుటకు వీలులేదు. విజిబుల్ అనునది వస్తువునకు సంబంధించిన మాట: వెలుగున్నది, అడ్డము లేదు, కనబడును. నోటీస్ అనునదో, మనుష్యుని హృదయమునకు సంబంధించిన మాట. దాని మూలములో తెలిసికొనుట అను అర్థమున్నది. కనబడుటకు వెలుగు చాలును; గమనించుటకు ప్రేమ కావలెను.

లేవీయకాండము 13వ అధ్యాయమును మనము సాధారణముగా త్వరగా త్రిప్పివేయుదుము. ఈ సంగతి జరిగిన తరువాత మేము దానిని మోకాళ్లమీద చదివితిమి. ఆ అధ్యాయములో చెప్పబడిన పొడలన్నియు నేటి కుష్ఠువ్యాధియే అని చెప్పలేము. పలువిధములైన చర్మవ్యాధులు ఆ ఒక్క పేరున చెప్పబడెనని పండితులందురు. అది యట్లుండగా, ఆ పొడను చూడవలసినవాడెవడు? యాజకుడు. ఊరకే చూచి పంపివేయుట కాదు. ఏడు దినములైన తరువాత మరల చూడవలెను. అప్పటికిని తేలని యెడల మరి యేడు దినములైన తరువాత మరల చూడవలెను. వెండ్రుక రంగు మారెనా, పొడ చర్మమునకంటె లోతుగా ఉన్నదా అని వివరముగా చూడవలెను. దేవుడు తన సేవకునికి బలిపీఠపు పనితోపాటు జనుల చర్మమును చూచు పనియు అప్పగించెను. మేమో, రొట్టె విరిచితిమి గాని చేయి చూడలేదు.

ఇంకొక సంగతియు ఒప్పుకొనవలెను. ఆ తల్లికి వచ్చిన వ్యాధి ఏదో తెలిసిన వెంటనే మా సంఘములోని కన్నులన్నియు తెరువబడెను. ఆమె కూర్చున్న చాపమీద మరియొకరు కూర్చుండలేదు. ఆమె త్రాగిన పాత్రలో త్రాగుటకు కొందరు వెనుదీసిరి. అంతవరకు ఎవరికిని పట్టని చేయి ఒక్క వారములో ఊరందరికి గురియయ్యెను. ఆ చిన్నది వ్రాసికొనిన కాన్‌స్పిక్యువస్ అను మాటకు, అనగా అందరి కంట కొట్టవచ్చినట్లుండునది అను దానికి, ఆమె తల్లియే ఉదాహరణ మయ్యెను. రెండు నెలలు ఆమె ప్రభువు బల్లయొద్దకు రాలేదు. మొదట ఎవరును గమనింపకపోవుట ప్రేమ కాదు. తరువాత అందరును గమనించుటయు ప్రేమ కాదు.

ఇట్టి చూపును గూర్చి లూకా సువార్తలో ఒక సంగతి యున్నది. సమాజమందిరములో ఊచచెయ్యి గలవాడొకడు కూర్చుండెను (లూకా 6:6-11). శాస్త్రులును పరిసయ్యులును అక్కడ కనిపెట్టుచునే యుండిరి. దేనిని? ఆ చేతిని కాదు. విశ్రాంతిదినమున యేసు స్వస్థపరచునేమో, ఆయనమీద నేరము మోపవచ్చునేమో అని ఆయనను కనిపెట్టుచుండిరి. మన ధ్యానభాగములో పరిసయ్యులు, దేవుని రాజ్యము ఎప్పుడు వచ్చునని అడిగినప్పుడు ప్రభువు అది ప్రత్యక్షముగా రాదని ఉత్తరమిచ్చెను. పాత ఇంగ్లీషు బైబిలులో అక్కడ అబ్జర్వేషన్ అను మాట వాడబడినది. గ్రీకు మూలమందున్న ఆ పదమును, విశ్రాంతిదినమున యేసును పొంచి చూచుచుండిరని చెప్పు పదమును ఒకే కుటుంబములోనివి. తప్పు పట్టుటకు పొంచియున్న కంటికి రాజ్యము కనబడదు. వారు రాజును పొంచి చూచుచుండిరి. రాజో, ఆ యెండిన చేతిని చూచుచుండెను.

రెండవది: కంటికి అందక పెరుగునది

గడియారములో గంటల ముల్లు నడక ఇంపర్సెప్టిబుల్ అని ఆ బిడ్డ వ్రాసినది మంచి ఉదాహరణము. రెప్పవేయక చూచినను ఆ ముల్లు కదలుట కనబడదు. ఒక గంట గడచిన తరువాత చూచిన యెడల అది స్థలము మారియుండును. కదలుచునే యున్నది, ఏ క్షణమందును కదలినట్లు కనబడలేదు. మన తెలుగువారు దీనికి చక్కని మాట చెప్పుదురు: చాప క్రింది నీరు. పైన పరుండినవాడు ఎరుగడు. వీపు తడిసిన తరువాత లేచును.

ఆ వ్యాధి నడకయు ఇట్టిదే. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. అది మిక్కిలి నిదానముగా పెరుగును. దేహములో ప్రవేశించినది మొదలు గురుతులు కనబడువరకు సామాన్యముగా అయిదు సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు ఇరువది సంవత్సరములైనను పట్టును. మొదటి మచ్చకు దురద లేదు, నొప్పి లేదు. తక్కిన రోగములు నొప్పిచేత మనలను దవాఖానకు తరుమును. ఇది నొప్పినే తీసివేయును. వేలూరులో పనిచేసిన క్రైస్తవ వైద్యుడు పాల్ బ్రాండ్ ఈ సంగతిని శ్రద్ధగా పరీక్షించి, ఈ రోగుల వ్రేళ్లు తమంతట తాము రాలిపోవుట లేదనియు, నొప్పి తెలియనందున కాలుటవలనను కోసికొనుటవలనను పాడగుచున్నవనియు చూపించెను. మనము నొప్పి తీసివేయుమని ప్రార్థించుదుము. నొప్పి తెలియజేయుటయు దేవుని కృపయే.

పాపమును ఇట్లే నడచును. ఇంగ్లీషులో సటిల్ అను మాటయున్నది. సూక్ష్మమైనది, మెల్లగా లోనికి దూరునది అని భావము. మగ్గము నెరిగినవారు దాని మూలార్థమును వెంటనే గ్రహింతురు: నేతక్రిందుగా పోవు సన్నని దారము అని దాని పుట్టుక చెప్పుదురు. ఆ మాటను వ్రాయునప్పుడు మధ్యలో బి అను అక్షరము వ్రాయవలెను, పలుకునప్పుడు దానిని పలుకరాదు. ఉన్నది గాని వినబడదు. ఏదెను వనములోని సర్పమును గూర్చి చెప్పునప్పుడు పాత ఇంగ్లీషు బైబిలు వాడినది ఈ మాటయే (ఆదికాండము 3:1). సర్పము గర్జించుచు రాలేదు. ఒక చిన్న ప్రశ్న అడుగుచు వచ్చెను.

హోషేయ ప్రవక్త ఎఫ్రాయిమును గూర్చి ఒక మాట చెప్పెను (7:9). అతని తలమీద అక్కడక్కడ నెరసిన వెండ్రుకలు కనబడుచున్నవి, అది అతనికే తెలియదట. ఏ దినమున నెరసెనో ఎవడు చెప్పగలడు? సమ్సోను నిద్రలేచి ఎప్పటివలెనే విదిలించుకొందునని అనుకొనెను. యెహోవా తన్ను విడిచెనని అతడు ఎరుగడు (న్యాయాధిపతులు 16:20). ప్రియులారా, కుటుంబ ప్రార్థన ఏ దినమున మానివేసితిమో మనకు జ్ఞాపకమున్నదా? అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఏ గడియలో పగగా మారెనో చెప్పగలమా? కల్లు దుకాణమునకు వారమునకు ఒక్కమారు పోవువాడు ప్రతిదినము పోవువాడైన దినము ఏది? మనస్సాక్షిమీద మొదటి మచ్చ వేసినప్పుడు నొప్పిలేదు గనుక మనము లక్ష్యపెట్టలేదు. నొప్పిలేని మచ్చకే ఎక్కువ భయపడవలెను.

అయితే కీడు మాత్రమే ఇట్లు పెరుగునని తలంపకుడి. ప్రభువు తన రాజ్యమును కూడ ఇట్టి వాటితోనే పోల్చెను. ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో పులిసిన పిండిని దాచిపెట్టెను (మత్తయి 13:33). విత్తనము చల్లినవాడు రాత్రి పండుకొని పగలు లేచుచుండగా, అది ఎట్లు మొలిచెనో అతనికే తెలియదు (మార్కు 4:26-29). మీరు సేద్యము చేయువారు. పైరు పెరుగుట చూచినవారు మీలో ఒక్కరును లేరు, పెరిగిన పైరును చూడనివారును ఒక్కరును లేరు. మోషే కొండ దిగివచ్చినప్పుడు తన ముఖము ప్రకాశించుచున్న సంగతి అతనికి తెలియలేదు (నిర్గమకాండము 34:29). సమ్సోను తనలో తరిగిపోయినదానిని ఎరుగడు. మోషే తనకు కలిగినదానిని ఎరుగడు. దేవుని సన్నిధిని కాచుకొనినవాని మహిమ తనకు కనబడదు, ఇతరులకు కనబడును.

మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పెదము. స్కాట్లండునుండి వచ్చిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, తన భర్తతో కూడ నిజామాబాదు ప్రాంతములో సేవచేయుచు, ఈ వ్యాధిగ్రస్తులు వెలివేయబడి తిరుగుట చూచెను. రాజా నర్సాగౌడు అను దాత సహాయముతో 1915లో డిచ్‌పల్లి యొద్ద వారికొరకు ఆసుపత్రి వెలసెను. ఆ కాలములో నేటి మందులు లేవు. చాల్‌మోగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చి పాటుపడిరి. ఆమె 1932లో ప్రభునందు నిద్రించెను. రోగమును నిశ్చయముగా కుదుర్చు కూడికమందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది 1981లో. ఆమె విత్తనమును చల్లెను, కంకిని చూడలేదు. అయినను పైరు పెరుగుచునే యుండెను.

మూడవది: కనిపెట్టువాడు

ఇంగ్లీషులోని అబ్జర్వ్ అను మాటకు రెండర్థములున్నవి. చూచుట ఒకటి, కాపాడుట ఒకటి. విశ్రాంతిదినమును ఆచరించుటకును ఆ మాటయే వాడుదురు. మన తెలుగులో దానికంటె మంచి మాట మనకున్నది: కనిపెట్టు. దాగినదానిని తెలిసికొనుటయు కనిపెట్టుటయే. బిడ్డను పొయ్యి దగ్గరకు పోకుండ చూచుకొనుటయు కనిపెట్టుకొని యుండుటయే. ప్రభువుకొరకు ఓర్పుతో ఎదురుచూచుటయు మన బైబిలులో కనిపెట్టుకొనుటయే. తెలిసికొనుట, కాచుకొనుట, ఎదురుచూచుట, ఈ మూడును ఒక్క మాటలో ఇమిడియున్నవి. పరిసయ్యులయొద్ద మొదటిది మాత్రమే యుండెను. దేవునియొద్ద మూడును కలవు.

హాగరు అరణ్యములో నీటి ఊటయొద్ద ఒంటరిగా నుండెను. యజమానుడు ఆమెను వెదకిరాలేదు; దేవుడు వచ్చెను. ఆమె ఆయనను చూచుచున్న దేవుడని పిలిచెను (ఆదికాండము 16:13). సమూయేలు యెష్షయి పెద్దకుమారుని యెత్తును చూచుచుండగా, యెహోవా గొఱ్ఱెల వెనుకనున్న చిన్నవానిని చూచుచుండెను (1 సమూయేలు 16:7-11). పండ్రెండేండ్లనుండి రక్తస్రావముగల స్త్రీ ఎవరికంటను పడకుండ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రపు అంచు ముట్టెను (లూకా 8:43-48). జనులు ఆయనమీద పడుచుండిరి. అందరి ఒత్తిడిలో ఆ ఒక్క ముట్టుటను ఆయన కనిపెట్టెను. ఆమెను సిగ్గుపరచుటకు పిలువలేదు. కుమారీ అని పిలిచి సమాధానముతో పంపుటకు పిలిచెను. అందరి యెదుట నిలిపినను ఆమె గౌరవమును కాపాడెను. గమనించుట ఎట్లో ఆయనయొద్ద నేర్చుకొనవలెను.

నెగ్లిజిబుల్ అను మాటయు ఇంగ్లీషులో వాడుదురు. లెక్కలోనికి రానిది అని భావము. దాని మూలములో ఏరుకొనకుండ విడుచుట అను అర్థమున్నది. విడిచిన పరిగెను బీదలు ఏరుకొందురు. రూతు ఏరుకొనిన పరిగెలోనుండియే దావీదు వంశము వచ్చెను. కానుకపెట్టె యొద్ద కూర్చున్న ప్రభువు, ధనవంతులు వేసిన విస్తారమైన సొమ్మును కాక, విధవరాలు వేసిన రెండు కాసులను ఏరి శిష్యులకు చూపించెను (మార్కు 12:41-44). మనము విడిచినవాటిని ఆయన ఏరుకొనును.

ఇప్పుడు మన ధ్యానభాగమునకు మరల వత్తము. పదిమంది కుష్ఠరోగులు దూరమున నిలిచి కేకలు వేసిరి. యేసు వారిని చూచెను. యాజకులకు కనుపరచుకొనుడని చెప్పెను. వారు పోవుచుండగా శుద్ధులైరి. స్వస్థత పదిమందికి కలిగెను. తనకు స్వస్థత కలిగెనని చూచి తిరిగివచ్చినవాడు ఒక్కడే, అతడును సమరయుడు. ఆ వెంటనే పరిసయ్యులు, రాజ్యము ఎప్పుడు వచ్చునని అడుగుట లూకా వ్రాసెను. అప్పుడే పదిమంది శరీరములు బాగుపడెను. ఒక అన్యుడు దేవుని మహిమపరచుచు పాదములమీద పడెను. ఇంకను ఎప్పుడు వచ్చునని అడుగుచుండిరి! రాజ్యము వారి మధ్యనే నిలిచియుండెను. ధ్వజమెత్తి రాలేదు గనుక వారు దానిని ఎరుగలేదు. కృతజ్ఞత కలవాని కన్ను దానిని ఎరిగెను.

చేయవలసిన పని

ప్రియులారా, ఇది వినుటకు మాత్రమే వ్రాయలేదు. 2005 సంవత్సరాంతమున మన దేశములో ఈ వ్యాధి పదివేలమందికి ఒకరికంటె తక్కువకు దిగెనని ప్రకటించిరి. అంతటితో పని ముగిసెనని అనేకులు తలంచిరి. అయినను 2023లో కూడ లక్షకు పైగా క్రొత్త రోగులు మన దేశమందు కనుగొనబడిరి. కాబట్టి మీ యింటివారి వీపును చేతులను కాళ్లను చూడుడి. రంగు తగ్గినదైనను ఎఱ్ఱబారినదైనను మచ్చయుండి, దానిమీద స్పర్శ తెలియని యెడల వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవుడి. మందులు ఉచితము. వ్యాధి రీతినిబట్టి ఆరు నెలలుగాని పన్నెండు నెలలుగాని మ్రింగవలెను. మధ్యలో మానరాదు.

భయపడకుడి. ఇది దేవుని శాపము కాదు. ఒక్కమారు ముట్టినంతమాత్రమున అంటదు. అనేకుల దేహములు సహజముగానే దానిని ఎదిరించును. మందు మొదలుపెట్టినవారినుండి ఇతరులకు అంటు భయము త్వరలోనే తొలగును. ఈ వ్యాధి కారణముగా భార్యనుగాని భర్తనుగాని విడనాడవచ్చునను మాటను, క్రైస్తవుల విడాకుల చట్టమునుండి కూడ, 2019లో ప్రభుత్వము తీసివేసినది. చట్టము తీసివేసిన దానిని సంఘము ఉంచుకొనవచ్చునా? ప్రభువు అట్టి రోగిని చేయి చాపి ముట్టెను (మార్కు 1:41). ముట్టకయే స్వస్థపరచగలవాడు ముట్టి స్వస్థపరచెను.

చేతిమీది మచ్చను మాత్రమే గాక, ఆరాధనలో వెనుక వరుసలో కూర్చుండి ఎవరితోను మాటలాడక వెళ్లిపోవు సహోదరుని చూడుడి. అప్పుల బాధ చెప్పుకొనలేని రైతును, చదువు మాన్పించిన ఆడపిల్లను, కోడలి మౌనమును చూడుడి. నివురుగప్పిన నిప్పువలె దుఃఖము ఎందరియందో యున్నది. ప్రతి ఆదివారము ఒక్కరినైనను, నీవు బాగున్నావా అని నిలిచి అడిగి, ఉత్తరము వినువరకు కదలకుడి.

మేము హుస్సేనీ ఆలం నుండి తిరిగివచ్చిన మరునాడు ఆ తల్లి యింటికి పోయి, మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "నాకే తెలియలేదు అయ్యగారూ, మీకెట్లా తెలుస్తుంది?" అనెను. ఆ మాట మమ్మును విడిపించుటకు చెప్పినది గాని, మేము దానిని సాకుగా పట్టుకొనలేదు. తనకు తెలియనప్పుడే గదా ఇతరుల కన్ను కావలసినది! ఆ దినమున ఆమె వండినది ఆమె చేతనే వడ్డింపజేసికొని భుజించితిమి. తరువాతి నెల మొదటి ఆదివారమున ఆమె బల్లయొద్దకు వచ్చెను. వంగిన వ్రేళ్లుగల ఆ చేతిలో రొట్టెను ఉంచి, వెంటనే జరిగిపోక, ఆ చేతిని చూచితిమి. ఆమె తరువాత పాత్ర అందుకొనుటకు సంఘపు పెద్ద ఒకడు తన వరుస విడిచి వచ్చి ఆమె ప్రక్కన మోకాళ్లూనెను. ఎవరును ఏమియు అనలేదు. చూచినవారు కొందరు, చూడనివారు కొందరు. రాజ్యము మా మధ్యకు వచ్చెనని మేము నమ్ముచున్నాము.

ప్రార్థన: చూచుచున్న దేవా, మా కన్నులు తెరచియుండియు మేము చూడని దినములను క్షమించుము. మాలో మాకు తెలియక పెరుగు చెడుతనమును మాకు కనుపరచుము. మా మధ్య నొప్పి చెప్పుకొనలేనివారిని గమనించు హృదయము దయచేయుము. ఎవరి కంటను పడక నీ పని చేయుచున్నవారిని బలపరచుము. నీవు మమ్మును కనిపెట్టునట్లు మేమును ఒకరినొకరము కనిపెట్టుకొని యుండునట్లు యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.